అమ్మ చేతులకి లోషన్ రాసింది నేనే

మొన్న అమ్మని తీసుకుని షికాగోలో చెల్లి దగ్గరికి బయల్దేరా. అమ్మ మోకాళ్ళు మొరాయించి రెండేళ్ళయింది, వీల్‌చైర్ తప్పదు, అందుకే తెలివిగా ముందే 80 డాలర్ల దాకా కట్టి ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ (టీఎస్‌ఏ) వాళ్ళ దగ్గరిదారి క్యూ, అదే టీఎస్‌ఏ ప్రీచెక్, తీసుకున్నా, ఇంట్లోవాళ్ళని కూడా వెంట తీసుకెళ్ళొచ్చని ఎక్కడో చదివి. చదివింది సగమే. వెంట రానిచ్చేది 17 ఏళ్ళ దాకా పిల్లల్నట, మా అమ్మకి 76. అసలు విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళని ప్రీచెక్‌కి అప్లై చెయ్యనే చెయ్యనివ్వరట. అంటే పరిగెత్తగల నాకు దగ్గరిదారి, అడుగు తీసి అడుగు వెయ్యలేని అమ్మకి చుట్టుదారి! 72 గంటల ముందు ఫోన్ చేస్తే సెక్యూరిటీ దగ్గర సాయానికి ఓ మనిషిని పెడతారని, దాన్ని టీఎస్‌ఏ కేర్స్ అంటారని కూడా తెలిసింది, మామూలు క్యూలో నిలబడి ఫోన్ చూస్తుంటే. ఫ్లైట్‌కి గంటన్నరుంది. వీల్‌చైర్ తోసే కుర్రాడు నా పది డాలర్ల టిప్ జేబులో వేసుకుని అప్పటికే మాయం.

ఆఫీసరమ్మ ఓ చిన్న గుడ్డపీలిక వీల్‌చైర్ హ్యాండిళ్ళకి రుద్ది, అమ్మ అరచేతులకి రుద్ది, మెషిన్లో పెట్టింది. కుయ్యిమంది. అది పేలుడు పదార్థాల టెస్టు. హ్యాండ్ లోషన్లో గ్లిజరిన్ ఉంటే ఒక్కోసారి అలాగే మోగుతుందట. ఏసీకి చేతులు పొడిబారాయంటే కార్లో దిగేముందు దోసెడు లోషన్ రాసిన సుపుత్రుణ్ణి నేనే.

కానీ మా అమ్మకి తెలిసిన టెస్టు ఒకటే. పీలిక, మెషిను, కుయ్యి - అంటే షుగరు.

"ఎంతుందిరా?" అంది మెల్లగా.

"అమ్మా, అది షుగర్ కాదే..."

వింటేగా! ఆఫీసరమ్మ చెయ్యి పట్టుకుని అచ్చ తెలుగులో, "పొద్దున ఒక్క కాజా తిన్నానమ్మా, ఒట్టు" అంది. తాపేశ్వరం నుంచి వచ్చిన ఆ డబ్బా నేను ఫ్రిజ్ మీద, బియ్యం బస్తా వెనక దాచా, కుర్చీలోంచి లేవలేని మనిషికి ఎలా అందిందో ఆ టీఎస్‌ఏ వాళ్ళే కనిపెట్టాలి. ఆవిడ గ్లవ్స్ మార్చుకుని భుజాలు తడిమింది, "సరే, రెండు" అంది అమ్మ. నడుం దగ్గరకొచ్చేసరికి నాలుగయ్యాయి. ఆవిడ నావైపు తిరిగి ఏమంటున్నారని అడిగింది. ఏం చెప్పను? బ్యాగులో ఇంకో అరకేజీ ఉంది.

గేటు దగ్గర కూలబడ్డామో లేదో, అమ్మ చేతులు రెండూ చాపింది.

"తుడిచి తుడిచి పొడిబారిపోయాయిరా, ఆ లోషన్ ఇలా తే."