చదివి పెట్టే సంతకం

రెండేళ్లకోసారి ఒడిశాలోని బరంపురం ఊరి అమ్మవారు బుడి ఠాకురాణి పుట్టింటికి వస్తుంది. పుట్టిల్లంటే దేశిబెహరా వీధి, తెలుగు మూలాలున్న నేతవారి పెద్దింటి వాకిలి. పట్టు నేసే ఆ వీధుల్లో రాత్రిళ్లు అమ్మవారి ఘటాలు ఊరేగుతుంటే ఎవరు తెలుగు, ఎవరు ఒడియా అన్నది ఎవరికీ పట్టదు. ఆడపడుచు పుట్టింటికొస్తే ఇంత సంబరం చేసుకునే గంజాం జిల్లాలో, అత్తారింటికొచ్చిన కోడలి మాట పంచాయతీలో ఎంత చెల్లుతోంది? రాజకీయాల్లో మహిళల ఎదుగుదల గురించి ఢిల్లీ నుంచి, భువనేశ్వర్ నుంచి పెద్ద పెద్ద మాటలు వినిపిస్తున్న రోజుల్లో మేం అడగదలచుకున్నది ఈ చిన్న ప్రశ్నే.

ఆ ఎదుగుదల కథ ఎవరు చెప్పినా ఇందిరాగాంధీ దగ్గర ఆగక తప్పదు. అందులో బరంపురానికీ వాటా ఉంది. 1966 జనవరిలో కాంగ్రెస్ పెద్దలు, సిండికేట్ అని పేరుపడ్డవాళ్లు, ఆమెను ప్రధాని పీఠం ఎక్కించింది సమర్థత చూసి కాదు. నెహ్రూ కూతురన్న పేరు ఓట్లకు పనికొస్తుంది, పాలన వెనకనుంచి మనం చూసుకుందాం అన్నది వాళ్ల లెక్క. సోషలిస్టు నేత లోహియా అయితే ఆమెను ‘గూంగీ గుడియా’ అన్నారు, మూగబొమ్మ అని. భార్య సర్పంచైతే పెత్తనం చేసే మొగుణ్ని ఇప్పుడు మన పల్లెల్లో సర్పంచ్ పతి అంటారు. ఆ భాషలో చెప్పాలంటే సిండికేట్ పెద్దలు ఢిల్లీ స్థాయి సర్పంచ్ పతులు. పదవి ఆమెది, పెత్తనం తమది.

ఆ లెక్క తప్పింది 1969లో. మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆయన 1894లో బరంపురంలో, తెలుగింట పుట్టినవారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్స్‌పై సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడ్డారు. సిండికేట్ నిలబెట్టిన అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయనా తెలుగువారే. సొంత పార్టీ అభ్యర్థిని కాదని, ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం ఓటేయమని ఇందిర అన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎటూ తేలక, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కిస్తే గిరి గెలిచారు. నవంబరుకల్లా కాంగ్రెస్ రెండుగా చీలింది. మూగబొమ్మ అనుకున్న మనిషికి నోరొచ్చింది. ఆ తరువాత అదే నోరు దేశం నోరు నొక్కిన ఎమర్జెన్సీ సంగతి కూడా మేం మరిచిపోలేదు. మహిళ అధికారంలోకి వస్తే పాలన దానంతటదే మెత్తబడుతుందన్న భ్రమ మాకు లేదు.

గిరి గారిని తలుచుకున్నప్పుడు ఆయన తల్లి సుభద్రమ్మను తలుచుకునేవాళ్లు తక్కువ. శాసనోల్లంఘన కాలంలో బరంపురంలో మద్యానికి వ్యతిరేకంగా ఆందోళన నడిపి అరెస్టయిన మనిషి ఆవిడ. సారా దుకాణం ముందు ఆడవాళ్లు నిలబడటం నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైందనుకోవడమే మనకు అలవాటు. దానికి 60 ఏళ్ల ముందే మన ఊళ్లో ఒక తెలుగు ఇల్లాలు మద్యం మీద పోరాడి అరెస్టయింది. కొడుకు రాష్ట్రపతి అయ్యాడు కాబట్టి ఆమె పేరైనా మిగిలింది. ఆమె వెంట నడిచిన మిగతావాళ్ల పేర్లు మన పెద్దవాళ్లకైనా ఎందరికి తెలుసు?

ఒడిశాకు వస్తే, ఈ రాష్ట్రం 1972 జూన్‌లోనే నందినీ శతపథిని ముఖ్యమంత్రిని చేసుకుంది. సుచేతా కృపలానీ తరువాత దేశంలో రెండో మహిళా ముఖ్యమంత్రి ఆమె. తెలుగువాళ్లం ఇక్కడ కాస్త తల దించుకోవాలి. అటు ఆంధ్రలోగానీ తెలంగాణలోగానీ ఇప్పటిదాకా ఒక్క మహిళ కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. శతపథి ఒడియాలో కథలు రాసిన రచయిత్రి. ఎమర్జెన్సీలోనూ కొంతకాలం ముఖ్యమంత్రిగా ఉన్నారు, తరువాత జగ్జీవన్ రామ్‌తోపాటు కాంగ్రెస్ వదిలేశారు, అవినీతి ఆరోపణలు ఎదుర్కొన్నారు. విచారణలో పోలీసులు రాసిచ్చిన ప్రశ్నలకు జవాబు చెప్పనని భీష్మించి సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన ఆ తీర్పును లా చదివే పిల్లలు ఇప్పటికీ ఆమె పేరుతోనే చదువుతారు. తనకు చేటు తెచ్చే ప్రశ్నకు మౌనంగా ఉండే హక్కు మనిషికి ఉందని ఆ కేసు చెప్పింది. అయితే ఆమె తరువాత 50 ఏళ్లు దాటినా ఒడిశాకు మరో మహిళా ముఖ్యమంత్రి రాలేదు. 2024లో ప్రభాతి పరిడా ఉపముఖ్యమంత్రి కావడం దగ్గరే కథ ఆగింది.

పై మెట్లలో ఖాళీలు ఇలా ఉన్నా, కింది మెట్లను ఒడిశా ముందే వేసుకుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి రాకముందే బిజూ పట్నాయక్ ప్రభుత్వం పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు మహిళలకు ఇచ్చింది. 2012 ఎన్నికల నుంచి అది సగమైంది. 2001లో మిషన్ శక్తి వచ్చింది. సరిహద్దుకు అటువైపు డ్వాక్రా ఏమిటో, ఇటువైపు మిషన్ శక్తి అది. ఆ గ్రూపుల్లోంచే 2019లో ప్రమీలా బిసోయి వచ్చారు. మూడో తరగతి చదువు, 70కి దగ్గరపడ్డ వయసు. మన ఆస్కా లోక్‌సభ స్థానంలో 2 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆ ఏడాది బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ టికెట్లలో ఏడు మహిళలకు ఇచ్చింది. అన్ని పార్టీలూ కలిపి ఒడిశా నుంచి ఏడుగురు మహిళలు పార్లమెంటుకు వెళ్లారు, సరిగ్గా మూడోవంతు. చట్టం ఏదీ బలవంతపెట్టకుండానే జరిగిన పని ఇది.

ఇక ద్రౌపదీ ముర్ము గారి దారి. తన గ్రామం నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను తానేనని రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన రోజున ఆమే చెప్పారు. ఇంట్లో మాట్లాడేది సంతాలీ. బళ్లో, ఆఫీసులో ఒడియా. 1997లో రాయ్‌రంగ్‌పూర్‌లో కౌన్సిలర్, 2000లో ఎమ్మెల్యే, తరువాత మంత్రి, ఝార్ఖండ్ గవర్నర్, 2022లో రాష్ట్రపతి. చట్టసభల్లో మహిళలకు మూడోవంతు సీట్లిచ్చే సవరణ మీద 2023 సెప్టెంబరులో సంతకం చేసింది ఆమే. దాని అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు కాబట్టి ఆ సంతకం గురించి ఇంతకన్నా పొంగిపోలేం. మాకు ఆ వరసలో ముఖ్యంగా కనిపించేది 1997. ఒక మునిసిపల్ వార్డు. కుటుంబం పేరు లేని ఆడమనిషికి రాజకీయాల్లో మొదటి మెట్టు దాదాపు ఎప్పుడూ అలాంటిదే, వార్డు మెంబరు పదవే.

ఆ మెట్టు దగ్గరే మన సరిహద్దు పల్లెల్లో ఒక చిక్కు ఉంది. 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం ప్రకారం వార్డు మెంబరుకో సర్పంచ్‌కో పోటీ చేయాలంటే 21 ఏళ్లు నిండాలి, ఒడియా చదవడం, రాయడం రావాలి. మాట్లాడితే చాలదు. గెలిచాక కూడా ఈ కారణం చూపి పదవిని సవాలు చేసిన కేసులు హైకోర్టుకెక్కాయి. చూడ్డానికి ఈ షరతు ఆడా మగా అందరికీ సమానమే. మన పల్లెల్లో అది పడేది మాత్రం ఆడవాళ్ల మీద. ఎందుకంటే పెళ్లయితే ఊరు మారేది ఆడపిల్ల.

ఆంధ్రలోని పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి ఎంత దూరం? పొద్దున ఆటోలో వెళ్లి పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేంత. ఇచ్ఛాపురం నుంచి బరంపురం అయినా పెద్ద దూరమేమీ కాదు. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీయే రెండు ముక్కలైంది గానీ, ఇటూ అటూ వియ్యాలు మాత్రం ఆగలేదు. శ్రీకాకుళం జిల్లా పిల్ల ఇటువైపు కోడలిగా వస్తుంది. పదో తరగతో, ఇంటరో తెలుగులో చదివి ఉంటుంది. భర్త ఇక్కడి బళ్లో ఒడియా చదువుకున్నవాడు. నాలుగైదేళ్లలో ఆమెకు సంతలో బేరమాడేంత ఒడియా వచ్చేస్తుంది, అక్షరాలు రావు. వార్డు మహిళలకు రిజర్వ్ అయిందనుకోండి. గ్రూపు లెక్కలు చూసే, నలుగురి తరఫున బ్యాంకులో మాట్లాడే ఆ కోడలు నామినేషన్ వేయడానికి వెనకాడుతుంది. చట్టం సంగతి తెలిసిన ఎదుటి పక్షం వదలదు మరి. లేదా ఎలాగో గట్టెక్కి గెలుస్తుంది. పల్లీసభ అనే ఊరి సభ తీర్మానం, బిల్లు, కాంట్రాక్టరు కాగితం అన్నీ ఒడియాలోనే వస్తాయి. వాటిని చదివేది భర్త. ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించేదీ ఆయనే. సర్పంచ్ పతి అనే జీవి మగవాడి దురహంకారం వల్లే పుడతాడని పట్నంలో అనుకుంటారు. మా చుట్టుపక్కల ఆయన లిపి వల్ల కూడా పుడుతున్నాడు.

ఇంకో విడ్డూరం. వార్డు మెంబరుకున్న ఈ షరతు ఎమ్మెల్యేకు లేదు, ముఖ్యమంత్రికి లేదు. ఇదే గంజాం జిల్లాలోని హింజిలి నుంచి గెలుస్తూ 2000 నుంచి 2024 దాకా రాష్ట్రాన్ని ఏలిన నవీన్ పట్నాయక్ ఒడియా ప్రసంగాలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయించుకుని చదివేవారన్నది జగమెరిగిన సంగతి. జనం ఆయన్ను అందుకు తప్పుపట్టలేదు, వరసగా ఐదుసార్లు గెలిపించారు. 1996లో పి.వి.నరసింహారావు నంద్యాలతోపాటు బరంపురంలోనూ గెలిచి, బరంపురాన్నే ఉంచుకున్నారు. ఒడియా అక్షరాలు దిద్దారా అని ఆయన్ను అడిగినవాళ్లు లేరు. లోక్‌సభలో అయితే తెలుగులోనో ఒడియాలోనో మాట్లాడొచ్చు, అనువాదం చేసి వినిపించే ఏర్పాటుంది. ఢిల్లీలో ఉన్న ఆ వెసులుబాటు మన సరిహద్దులోని కాశీనగర్ పక్కన ఒక పంచాయతీ ఆఫీసులో లేదు. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొటియా గ్రామాల్లో రెండు రాష్ట్రాలూ పోటీపడి ఓటర్లను పిలుస్తుంటాయి, అక్కడ మాత్రం ఏ భాషవాళ్లయినా అందరికీ ముద్దే.

ఒడియా మిత్రులు దీనికి నొచ్చుకోవచ్చు. భాష పేరు మీద దేశంలో అందరికన్నా ముందు రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లు వాళ్లు. పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చిన జాతికి ఆ పట్టుదల ఎందుకో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఒడియాను పక్కన పెట్టమని మేం అనడం లేదు. చట్టంలో ‘ఒడియా’ అన్న చోట ఒడియా గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని మరో భాష గానీ అని చేర్చాలంటున్నాం. అప్పుడు మన తెలుగు కోడలికే కాదు, మయూర్‌భంజ్‌లో సంతాలీ చదువుకున్న పిల్లకు కూడా దారి దొరుకుతుంది. తెలుగువాళ్లు ఎక్కువున్న గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పంచాయతీల్లో పల్లీసభ నోటీసు, తీర్మానం తెలుగులో కూడా చదివి వినిపించాలి. దానికి చట్టం మార్చే పని కూడా లేదు, కలెక్టరు ఆర్డరు చాలు.

చట్టం మారేదాకా కూర్చోవడం మాత్రం మాకు నచ్చదు. ఇక్కడ కొంత తప్పు మనది కూడా. తెలుగు బడులు మూతపడుతున్నాయని బాధపడే మన సంఘాల పెద్దలు, ఇంటి కోడళ్లకు ఒడియా అక్షరాలు నేర్పించే ఆలోచన ఎన్నడూ చేయలేదు. సంఘం కార్యవర్గంలో ఆడవాళ్లెందరని అడిగితే అంతకన్నా ఇబ్బందిపడతారు. నేర్చుకోవడం కొండ తవ్వడమేమీ కాదు. అ ఆ ఇ ఈ వరస రెంటికీ ఒకటే. గుండ్రటి రాత రెంటికీ ఒకటే, తాటాకు మీద గంటంతో రాసిన తాతల చలవ. తెలుగు చదవగలిగిన మనిషి రోజుకో గంట కూర్చుంటే కొన్ని నెలల్లో ఒడియా నోటీసు చదువుతుంది. దూబగుంటలో జరిగిందీ అదే కదా. అక్షరాస్యత ఉద్యమంలో పలక పట్టిన ఆడవాళ్లు రాత్రి బడిలో సారా గురించి పాఠం చదివారు, మాట్లాడుకున్నారు, 1992లో దుకాణం మూయించారు. వాళ్ల ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది.

మిషన్ శక్తి గ్రూపులు ఎలాగూ కూర్చుంటాయి. లెక్కల పుస్తకం ఎలాగూ ఒడియాలోనే రాయాలి. గత పంచాయతీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి, ఐదేళ్లకోసారి ఇవి వస్తాయి. నామినేషన్ల హడావిడి మొదలయ్యాక ఎవరూ అచ్చులు దిద్దరు. పర్లాకిమిడిలో, గుణుపూర్‌లో, బరంపురం తెలుగు వీధుల్లో ప్రతి సంఘం తన ఆఫీసు గదిని సాయంత్రం ఒక గంట తెరిచి ఉంచాలి. రిటైరైన ఒడియా మాస్టారు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. అడిగితే కాదనరు. కోడలిని అక్కడికి పంపి ఆ గంటసేపు పొయ్యి దగ్గర ఎవరుంటారన్నది మగవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి.