క్రోమ్ కాలువకు దొంగ తూము

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ డెల్టాలో వ్యవసాయం చేసిన ప్రతివాడికీ తెలిసిన సూత్రం ఒకటుంది. చేలోకి నీళ్లు రాకపోతే చేలో నిలబడి ఆకాశాన్ని తిట్టకూడదు, బోదె గట్టు పట్టుకుని పైకి నడవాలి. పైన ఎవడో గండి కొట్టి ఉంటాడు. టార్చిలైటుతో వెళ్లి గండి పూడ్చి, కొట్టినవాడి వంశాన్ని రెండు తరాలు వెనక్కి పలకరించి వస్తాం. ఇంత జలపరిజ్ఞానం ఉన్నవాళ్లం, క్రోమ్‌లో కొట్టిన మాట ఇంకెక్కడికో పారుతుంటే మాత్రం మౌసుని బల్లకేసి కొడతాం.

కోనసీమ శివారులో ఒక పెద్దాయన అడంగల్ చూసుకుందామని అడ్రస్ పట్టీలో ‘మీభూమి’ అని కొట్టాడనుకోండి. పేరూ ఊరూ లేని సెర్చ్ పేజీ ఒకటి రెప్పపాటులో మెరిసి మాయమవుతుంది. దాని వెనకాల ఇంకోటి. చివరికి ఆయన యాహూలోనో బింగ్‌లోనో తేలతాడు. పైన రమ్మీ, వెంటనే అప్పు, మోకాళ్ల నూనె ప్రకటనలు. ఆయన యాహూని తిడతాడు. పాపం యాహూ ఏం చేసింది? మధ్యలో మెరిసినవాడే గండి కొట్టినవాడు, బ్రౌజర్ హైజాకర్ అంటారు వాణ్ణి. ఆ సెర్చ్‌ని తన మీదుగా పారించి, ప్రకటన మీద పడే ప్రతి నొక్కుకీ వాటా పుచ్చుకుంటాడు. నీళ్లు మన చేలోకే వస్తాయి, కాకపోతే దారిలో వాడి చేను తడిసి వస్తాయి.

వాడు దొంగచాటుగా వచ్చాడనడం కూడా అన్యాయం. పీడీఎఫ్‌ని వర్డ్‌గా మార్చే ఉచిత సాఫ్ట్‌వేరుతోనో, శుభలేఖ కోసం దింపిన తెలుగు ఫాంట్ల క్రాక్‌తోనో, కోడిపందేల వీడియోలు దాచుకునే డౌన్‌లోడర్‌తోనో కలిసి, చాలాసార్లు మనల్ని అడిగే వస్తాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎక్స్‌ప్రెస్’, ‘కస్టమ్’ అని రెండు దారులుంటాయి. కస్టమ్ నొక్కితే ముందే టిక్కులు పెట్టిన డబ్బాలు కనిపిస్తాయి, తీసేయొచ్చు. కానీ వడ్డించేవాళ్లని చాలనడం మన జిల్లాల్లో మర్యాద కాదు గదండీ. అందుకే నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, ఫినిష్.

ఇక మన ఇంటివైద్యం చూడండి. మొదటిది, హోమ్ పేజీ మార్చడం. సాయంత్రానికి అది మళ్లీ యథాస్థానం. రెండోది, క్రోమ్‌ని పీకేసి మళ్లీ వేయడం. పీకేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తీసేయమని టిక్కు పెట్టకపోతే పాత ప్రొఫైలు అలాగే ఉంటుంది, ఎక్స్‌టెన్షన్లతో (క్రోమ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములతో) సహా. మూడోది, ఒకదాని మీద ఒకటి మూడు యాంటీవైరస్‌లు ఎక్కించడం. ఒకే చేనుకి ముగ్గురు కాపలాదార్లని పెడితే వాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుంటారు, దొంగని కాదు. నాలుగోది రామబాణం: పక్క వీధి బీటెక్ కుర్రాడు, ఫార్మాట్. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇదంతా శివారు చేలో బిందెలతో నీళ్లు తోడడమే. పైకి నడుద్దాం.

బయల్దేరే ముందు ఒక పరీక్ష. అదే వైఫై మీద ఇంట్లో ఫోన్లలో కూడా పేజీలు దారి తప్పుతున్నాయా? తప్పుతుంటే తూము దగ్గర కాదు, లాకుల దగ్గరే తేడా ఉంది: రూటర్లో డీఎన్ఎస్ (సైటు పేరు చెబితే దాని అడ్రస్ చెప్పే ఏర్పాటు) ఎవరో మార్చి ఉండొచ్చు. డీఎన్ఎస్‌ని కబ్జా చేయడం చిన్న విద్య కాదు. డీఎన్ఎస్‌ఛేంజర్ అనే మాల్‌వేర్‌తో ఒక ముఠా ఇలాగే నలభై లక్షల కంప్యూటర్లని పక్కదారి పట్టించింది. 2011లో ఎఫ్‌బీఐ పట్టుకున్నాక కూడా, జనానికి ఇంటర్నెట్ ఒక్కసారిగా ఆగిపోకుండా బదులు సర్వర్లు పెట్టి 2012 జులై 9 దాకా నడపాల్సి వచ్చింది. మీ ఇంట్లో అయితే రూటర్‌ని రీసెట్ చేసి, ‘అడ్మిన్, అడ్మిన్’ అనే ఆ పవిత్రమైన పాస్‌వర్డు మార్చండి. కనెక్షన్ ఇచ్చినవాళ్లని ముందు అడగండి, వాళ్లిచ్చిన లాగిన్ లేకుండా రీసెట్ కొడితే నెట్టే ఉండదు.

ఫోన్లు బాగానే ఉంటే దోషం కంప్యూటర్లోనే. ముందు క్రోమ్‌లో సింక్ (మీరు సైన్ ఇన్ అయిన చోటల్లా మీ ఎక్స్‌టెన్షన్లని తెచ్చిపెట్టేది) ఆపండి. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి వెళ్లి, తేదీ వరసన పేర్చండి. గొడవ మొదలైన రోజున దిగినవాళ్లందరూ అనుమానితులే. తీసేసేటప్పుడు బొత్తాలు చదవండి: ‘ఉంచుకోండి’ అన్నది నీలం రంగులో బారెడు, ‘తీసేయండి’ అన్నది బూడిద రంగులో బెత్తెడు ఉంటుంది.

తర్వాతది విండోస్‌లో చెప్పిన వేళకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్. ఇక్కడే ఉంటాడు రాత్రి వచ్చి షట్టరు ఎత్తే లస్కరు. లైబ్రరీలో ఒక్కో టాస్కు మీద నొక్కి, ‘యాక్షన్స్’లో ఏం నడుపుతోందో చూడండి. యాప్‌డేటా ఫోల్డర్లోంచి అర్థంలేని అక్షరాల పేరుతో పవర్‌షెల్‌నో స్క్రిప్టునో గంటకోసారి లేపుతుంటే అనుమానం అక్కర్లేదు. పగలు మీరు పీకేసిన ఎక్స్‌టెన్షన్‌ని రాత్రికి మళ్లీ నాటేది ఇదే. ముందు డిజేబుల్ చేయండి, ఒక రోజు చూసి డిలీట్ చేయండి. గూగుల్ అప్‌డేటర్ లాంటి నిజమైన ఉద్యోగుల్ని కూడా ఆవేశంలో పీకేవాళ్లున్నారు.

ఇప్పుడు అసలు కామెడీ. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కితే అడుగున ‘మీ బ్రౌజర్‌ని మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని కనిపిస్తుంది. పాలకొల్లులో పెంకుటింట్లో, వరండాలో ఉన్న కంప్యూటర్‌కి సంస్థ ఎవరు? నాన్నగారా? దొంగవాడు తనని తానే ఇంటికి మేనేజింగ్ డైరెక్టర్‌గా నియమించుకున్నాడన్నమాట. అందుకే ఎక్స్‌టెన్షన్ పక్కన ‘రిమూవ్’ బొత్తామే ఉండదు. అడ్రస్ పట్టీలో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని (chrome://policy) కొట్టండి, నియామక ఉత్తర్వులన్నీ కనిపిస్తాయి. ‘ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్’ అని ఉంటే అదే వాడి ఆర్డరు కాగితం. విండోస్ అమరికల చిట్టా అయిన రిజిస్ట్రీకి ఎడిటర్ తెరిచి, ఎక్స్‌పోర్ట్‌తో ఒక నకలు దాచుకుని, లోకల్ మెషిన్ కిందా కరెంట్ యూజర్ కిందా సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ అన్న మెట్లు దిగి ఆ క్రోమ్ కీని తీసేయండి. కంప్యూటర్ నిజంగానే ఆఫీసువాళ్లు ఇచ్చినదైతే చెయ్యి పెట్టకండి. యాంటీవైరస్‌లు కూడా ఒక్కోసారి పాలసీ పెడతాయి, పేరు చూసి తీయండి.

మిగతావి చకచకా. డెస్క్‌టాప్ మీద క్రోమ్ బొమ్మని కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ గడి చూడండి. ‘క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ’ తర్వాత వెబ్ అడ్రస్ తగిలించి ఉంటే చెరిపేయండి. టాస్క్‌బార్ మీది బొమ్మ వేరే, దాన్నీ చూడండి. నెట్‌ని మధ్యవర్తి సర్వర్ మీదుగా పంపే ప్రాక్సీ సెట్టింగ్స్‌లో మీరు పెట్టని సర్వరూ, స్క్రిప్టూ ఉంటే ఆపేయండి. ఏ సైటు పేరుకి ఏ అడ్రసో రాసుకునే హోస్ట్స్ ఫైల్లో హ్యాష్ (#) గుర్తు లేని కొత్త వరసలుంటే వాటి సంగతి తేల్చండి. తర్వాత మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌వ్‌క్లీనర్ ఒకసారి, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఒకసారి. రెండోదానికి కంప్యూటర్ తనే రీస్టార్ట్ అయి ఓ పావుగంట తీసుకుంటుంది, కంగారుపడి స్విచ్ ఆపకండి. పాత వీడియోలు చూసి క్రోమ్‌లోనే ఉండే క్లీనప్ టూల్ కోసం వెతక్కండి, 2023లో దాన్ని ఎత్తేశారు. ఆఖర్న క్రోమ్ రీసెట్ సెట్టింగ్స్. బుక్‌మార్కులూ, దాచిన పాస్‌వర్డులూ పోవు. కానీ ఆ ఎక్స్‌టెన్షన్ ఇన్నాళ్లూ ప్రతి పేజీ చదివి ఉండొచ్చు కాబట్టి బ్యాంకు, మెయిలు పాస్‌వర్డులు మార్చడం మంచిది.

స్క్రీన్ మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు’ అంటూ లేచే డబ్బా వీటిలో ఏదీ కాదు. రోబో కాదని నిరూపించుకోవడానికి ఇంట్లో ఎవరో ఏదో సినిమా సైట్లో ‘అలౌ’ నొక్కారు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ పేరు తీసేస్తే సరి.

ఇక రామబాణం సంగతి. ఐదొందలు తీసుకుని కుర్రాడు ఫార్మాట్ కొడతాడు. విండోస్ కొత్త పెళ్లికూతురులా మెరుస్తుంది. పెద్దాయన క్రోమ్ తెరిచి తన మెయిల్‌తో సైన్ ఇన్ అవుతాడు. సింక్ ఎంతో విశ్వాసంగా పాత ఎక్స్‌టెన్షన్‌ని తెచ్చి పెడుతుంది. ఒకవేళ తేకపోయినా దిగులు లేదు. ఫార్మాట్‌కి ముందు ‘ముఖ్యమైనవి’ అని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించినవాటిలో కోడలి పెళ్లి ఫోటోల పక్కనే తెలుగు ఫాంట్ల సెటప్ ఫైలూ ఉంటుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి పెట్టి, టీ తాగి, ఆయ్ అని చెప్పి కుర్రాడు వెళ్తాడు.