సవరణ: ట్లింగిట్ పిల్లల వంశం

అలాస్కాలో జూనో బడుల్లో అక్కడి ఆదివాసులైన ట్లింగిట్‌ల భాష నేర్పడం గురించి మొన్న రాసిన పోస్టులో, పిల్లలకు వంశం తండ్రి నుంచి వస్తుందని చెప్పాను. అది తప్పు, మన గోత్రం లెక్కలో చూసేశాను. అక్కడ వంశం తల్లిది. ట్లింగిట్ వంశాలన్నీ బొంతకాకి, గద్ద అనే రెండు పక్షాల కిందికి వస్తాయి. పరిచయం చేసుకునేటప్పుడు ముందు తమది బొంతకాకి పక్షమా, గద్ద పక్షమా చెప్పి, తల్లి వంశం చెబుతారు. తండ్రి వంశమూ వస్తుంది, కానీ "ఫలానా వంశం వాళ్ల బిడ్డను" అని. సంప్రదాయం ప్రకారం తండ్రిది ఎదుటి పక్షమే అయ్యుండాలి. ట్లింగిట్ సంస్థలు బడుల కోసం తయారుచేసిన పాఠాల్లో ఇలాగే ఉంది.

ఇంకొకటి. ఆ పోస్టులో, 2014 నాటి అలాస్కా రాష్ట్ర చట్టం 20 స్థానిక భాషలకు ఇంగ్లిష్‌తో పాటు అధికార హోదా ఇచ్చిందన్నానే తప్ప, బడుల్లో తప్పనిసరి చేసిందని కాదు. కొందరు అలా అర్థం చేసుకున్నారు.