స్మిత్ గారి సింహం

ఇంగ్లండులో పర్యాటకులు తిరిగే చోట్ల వెలసిన కానుకల కొట్లు చరిత్రకు చేస్తున్న సేవను పండితలోకం ఇంకా గుర్తించకపోవడం విచారకరం. ఇంటిపేరు చెప్పి కాసిని పౌండ్లు చెల్లిస్తే చాలు, పాతబడినట్టు పసుపు పులిమిన కాగితం మీద వంశచరిత్ర, దాని నెత్తిన వంశచిహ్నంగా ఒక డాలు, డాలు మీద ఒక సింహం అచ్చయి వస్తాయి.

ముందుగా స్మిత్ గారు నిలబడతారు. ఇంగ్లండులో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఆయనది. ఊరికొక కొలిమి ఉండేది కనుక ఊరికొక స్మిత్, అంటే కమ్మరి, ఉండేవాడు. వాళ్ల మధ్య చుట్టరికం ఉండవలసిన అవసరమేమీ లేదు. కాగితం అచ్చువేసే కొట్టు యంత్రానికి ఆ గొడవ పట్టదు. 1066లో ఇంగ్లండును జయించిన నార్మండీ ప్రభువు విలియం వెంట ఓడ దిగిన వీరుణ్ణి ఆయనకు మూలపురుషుడిగా కట్టబెట్టి, ఎర్ర సింహాన్ని చేతికిస్తుంది. వెనకున్న బేకర్ గారి పూర్వీకుడు రొట్టెలు కాల్చినా సింహం తప్పదు, రంగు మాత్రం నీలం. పీపాలు బిగించిన వంశానికి చెందిన కూపర్ గారి సింహం వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. ఇందరు ప్రభువులు సింహాలను మేపుకుంటూ కూర్చుంటే గుర్రాలకు లాడాలు ఎవరు కొట్టారో, ఆ పూటకు రొట్టె ఎవరు కాల్చారో ఏ కాగితమూ చెప్పదు.

ఇలాంటి వంశచిహ్నాలను మంజూరు చేసే సంస్థ, 1484లో రాజు మూడవ రిచర్డ్ నెలకొల్పిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్, లండన్‌లో ఇప్పటికీ ఉంది. చిహ్నం దాన్ని పొందిన మనిషికీ అతని సంతతికీ చెందుతుందే తప్ప, ఆ ఇంటిపేరున్న ప్రతివారికీ చెందదని అది చెబుతూనే ఉంది. కొట్టువారికి ఈ సంగతి తెలియదనుకునేంత అమాయకులం కాము.

1381లో తల పన్ను మీద తిరగబడిన జనానికి నాయకుడు వాట్ టైలర్. ఇంటికప్పుకు పెంకులు పరిచే పనివాడి పేరు అది. స్మిత్‌ఫీల్డ్‌లో బాలరాజు రెండవ రిచర్డ్ ఎదుటే లండన్ మేయర్ అతణ్ణి కత్తితో పొడిచాడు. టైలర్ల డాలు మీద ఆ కత్తి ఉండదు, ఆ పెంకు ఉండదు. మళ్లీ అదే సింహం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి స్మిత్ గారికీ అదే కాగితం చుట్టి ఇస్తారు. ఆ పేరు ఆయన ముత్తాతను సంతలో కొన్న యజమానిది కావచ్చు, 1865లో బానిసత్వం రద్దయ్యాక ఆ ముత్తాతే ఎంచి పెట్టుకున్నదీ కావచ్చు. కొన్నవాడి సంగతి, అమ్ముడైనవాడి సంగతి రెండూ తుడిచేసి, నీ తాతలు గుర్రమెక్కి యుద్ధాలు గెలిచారని రాసి డబ్బు పుచ్చుకోవడం వ్యాపారం కాదు, పచ్చి దగా; ఆ మనుషుల బతుకును రెండోసారి దోచుకోవడం.