లైట్ల కంటే ముందు మంచం ఎక్కడో తేల్చుకోండి

పాత ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు ముందు ఫాల్స్ సీలింగ్ డిజైన్ ఎంచుకుని, దాన్ని బట్టి లైట్లు పెట్టించుకోవాలని ఇంటి లైట్ల మీద నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. మా అనుభవం వేరు. గుంటూరులో అమ్మావాళ్ల ఇల్లు బాగు చేయించినప్పుడు, ఎలక్ట్రీషియన్ గోడలు కొట్టకముందే మంచం, బీరువా, సోఫా కొలతల ప్రకారం నేల మీద సుద్దముక్కతో గీసుకున్నాం. పాత స్విచ్ బోర్డు సరిగ్గా బీరువా వెనక్కి పోతోందని అప్పుడే తెలిసింది.

వంటింటి గురించి ఆ వ్యాసంలో ఒక్క మాటే ఉంది. నిజానికి ఎక్కువ ఆలోచించాల్సింది అక్కడే. లైటు గది మధ్యలో ఉంటే గట్టు దగ్గర నిలబడ్డ మనిషి వీపు మీద వెలుగు, కూరగాయలు తరిగే చోట నీడ పడతాయి. అమ్మ ఇన్నేళ్లూ ఆ నీడలోనే వంట చేసింది. పై అరల కింద, ముందు అంచు వైపు 4000 కెల్విన్ (వెలుగు రంగు కొలత; అంకె తగ్గితే పసుపు, పెరిగితే తెలుపు) ఎల్ఈడీ స్ట్రిప్ వేయించాం. ఇప్పుడు బియ్యంలో రాయి కూడా కనబడుతోందంటుంది. పడకగదికి మాత్రం 2700 లేదా 3000 కెల్విన్ హాయిగా ఉంటుంది. 6500 తెల్లటి వెలుగు రాత్రిపూట కళ్లకు గుచ్చుకుంటుంది.

పెద్దవాళ్లున్న ఇల్లయితే మంచం పక్కన టూ వే స్విచ్ (ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేది), బాత్రూమ్ దారిలో చిన్న లైటు తప్పకుండా పెట్టించండి. ఫ్యాన్ రెక్కల పైన లైటు రానివ్వకండి, వెలుగు అదురుతూ తలనొప్పి తెస్తుంది. గోడల్లో గాడులు పూడ్చకముందే వైర్ల పైపులు వెళ్లిన దారిని ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, తర్వాత మేకు కొట్టేటప్పుడు టెన్షన్ ఉండదు.