రిక్తుడయ్యాడంటే దైవత్వం పక్కన పెట్టేశాడని కాదు

శ్రమకాలం (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) వచ్చిందంటే బొబ్బిలి నుంచి టెక్కలి దాకా ఏ మందిరంలోనైనా ఫిలిప్పీ సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన పత్రిక (ఉత్తరం) రెండో అధ్యాయం వినపడుతుంది. యేసు "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను", అంటే తన్ను తాను ఖాళీ చేసుకున్నాడు, అనే మాట దగ్గరకొచ్చేసరికి చాలామంది బోధకులు, యేసు దైవత్వాన్ని పరలోకంలో వదిలేసి వచ్చాడని చెప్పేస్తున్నారు. అయ్యగార్లూ, దయచేసి అలా చెప్పకండి.

ఏడో వచనం పూర్తిగా చదవండి. ఎలా రిక్తుడయ్యాడో అందులోనే ఉంది: దాసుని స్వరూపం ధరించాడు, మనుషుల పోలికగా పుట్టాడు. రెండూ కొత్తగా తీసుకున్నవే, పోగొట్టుకున్నవి కావు. కొలొస్సయి 2:9 కూడా దైవత్వపు సంపూర్ణత శరీరంగా ఆయనలోనే ఉందంటుంది.

19వ శతాబ్దంలో జర్మనీలో థొమాసియస్ అనే లూథరన్ పండితుడు, యేసు సర్వజ్ఞత, సర్వశక్తి, సర్వవ్యాపకత్వం విడిచి, ప్రేమ, పరిశుద్ధత ఉంచుకున్నాడన్నాడు. అంత్యదినం ఎప్పుడో కుమారుడైన యేసుకీ తెలియదన్న మార్కు 13:32కి జవాబు కావాలి కదా, ఆ పండితుడి తపన నిజమైనదే. కానీ శక్తి విడిచేస్తే హెబ్రీ 1:3లో సమస్తాన్నీ నిర్వహిస్తున్నది ఎవరు? 451లో కల్కెదోనులో జరిగిన సంఘ పెద్దల మహాసభ దీనికి దారి చూపింది: క్రీస్తు వ్యక్తి ఒక్కరే, స్వభావాలు రెండు (దైవ, మానవ), అవి కలిసిపోవు, మారవు, చీలవు, విడిపోవు. తెలియకపోవడం ఆయన మానవ స్వభావానికి చెందింది.

ఇంతకన్నా బాధ పెట్టేది ఇంకోటుంది. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గరికే ఆడపిల్లను తిరిగి పంపుతూ "క్రీస్తులా తగ్గించుకోమ్మా" అనడం. ఎంత అన్యాయం! దేవునితో సమానుడైనవాడు తనంతట తానే దిగాడని పౌలు రాశాడు. ఆయన్ని ఎవరూ బలవంతాన దించలేదు. పైగా ఫిలిప్పీ రోమా వలస నగరం, పౌరసత్వమంటే అక్కడ గర్వం. సిలువ దాసులకు వేసే శిక్ష. అలాంటి ఊళ్లో ఈ మాట ముందు తగిలేది పైమెట్టు మీద ఉన్నవాళ్లకే. మన సంఘాల్లోనూ అంతే: కమిటీ పెద్దలకు చెప్పండి, ముందు కుర్చీల్లో కూర్చునేవాళ్లకు చెప్పండి. దెబ్బలు తింటున్న మనిషికి కావలసింది రక్షణ.

శుభ శుక్రవారం, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోది చెప్పబోయేవాళ్లు మరీ జాగ్రత్త. "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచావు" అన్న క్షణంలో దైవత్వం ఆయన్ని విడిచి వెళ్లిపోయిందనకండి. యేసు వేరు, ఆయన మీదికి దిగిన క్రీస్తు వేరు, శ్రమకు ముందే ఆ క్రీస్తు యేసును విడిచి వెళ్లాడని కెరింథు అనే తప్పుడు బోధకుడు చెప్పాడు. సంఘ నాయకుడు ఇరేనియస్ రెండో శతాబ్దంలోనే దాన్ని ఖండించాడు. ఆ నాలుగో మాట 22వ కీర్తన మొదటి వచనమే; అక్కడితో ఆగకుండా 24వ వచనం దాకా చదివి వినిపించండి. దేవుడు తన ముఖం దాచుకోలేదు, మొరపెట్టగా ఆలకించాడు అని అక్కడే ఉంది.