తోబుట్టువుల సంఖ్యతో పాటు ఇంటి ఇరుకునూ చూడాలి

స్వీడన్‌లో 1932–1960 మధ్య పుట్టిన 26 లక్షలకు పైగా స్త్రీపురుషుల వివరాలను పరిశీలించి తోబుట్టువుల సంఖ్యకూ గుండెజబ్బులకూ ఉన్న సంబంధం గురించి లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో వెల్లడించిన ఫలితాలపై వచ్చిన ఒక వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తోబుట్టువులు లేని మగవారితో పోలిస్తే ఒకరిద్దరు ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు తక్కువగానూ, నలుగురు లేక అంతకు మించి ఉన్నవారికి ఎక్కువగానూ కనిపించిన మాట నిజమే కానీ, ఇలాంటి లెక్కలు కారణాన్ని నిరూపించలేవన్న సంగతిని వ్యాసకర్త ఇంకాస్త గట్టిగా చెప్పవలసింది.

మా అమ్మమ్మగారింట్లో ఎనిమిదిమంది పిల్లలు ఒకే గదిలో, రెండు ఈతచాపల మీద వరుసగా పడుకునేవారు. ఒకరికి గొంతునొప్పి వస్తే వారం తిరిగేసరికి అది మిగతావాళ్లకూ అంటుకునేదట. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పికి సకాలంలో మందు పడకపోతే, కొందరు పిల్లల్లో అది రుమాటిక్ జ్వరానికి దారితీసి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. మా చిన్న పిన్నికి జరిగింది అదే. ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ కోసం అమ్మమ్మ ఆమెను బస్సులో పట్నం తీసుకెళ్లడం, సాయంత్రం పిన్ని కుంటుతూ ఇంట్లోకి రావడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. గుండెపోటు వేరు, కవాటాల జబ్బు వేరు అని నాకు తెలుసు. అయినా పెద్ద కుటుంబాల గురించి తెలుగులో రాసేటప్పుడు ఈ రెండో దాన్ని వదిలేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం.